గాలి తగిలే చోటు

కొండమీది ఊరికి వెళ్లే బస్సుకు ఇంజన్ ఆయిల్ కూలర్ బిగించాలని రవాణా సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎక్కడ బిగించాలన్నది మాత్రం చర్చకు పెట్టింది.

ఆ పని వర్క్‌షాపు ఇంజినీరుకు అప్పగించారు. ఆయన చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు, ఇంకా చాలాకాలం ఉద్యోగం చేయదలచుకున్నవాడు. కూలరంటే వింత వస్తువేమీ కాదు. పలకంత జాలీ పెట్టె. ఇంజన్లో కాగిన నూనె ఒక గొట్టంలోంచి వచ్చి, గాలికి చల్లారి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి పోతుంది. కాబట్టి దాన్ని గాలి తగిలే చోట పెట్టాలి. బస్సుకు గాలి ముందునుంచి తగులుతుంది. ఇంజినీరు కొలిచి చూశాడు. రేడియేటరు ముందు కావలసినంత చోటుంది.

అయితే ఆ చోటికి గాలి రావలసిన బస్సు ముందరి జాలీని చైర్మన్ గారి నిలువెత్తు నవ్వు మూసేసింది. రేకు మీద రంగుల్లో వేయించిన పటం అది. పటం తగిలించిన నాటినుంచే ఇంజన్ వేడెక్కుతోందని సంస్థలో అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయం గనక విడిగా ఎవరూ చెప్పలేదు.

సమావేశంలో ఇంజినీరు లేచి, “ముందువైపు పెడితే మంచిదండి” అన్నాడు.

“ముందంటే?” అన్నారు చైర్మన్.

“మీ పటం ఉన్న వైపండి.”

“పటం వెనకాల పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.”

పటం ఉంటే గాలి రాదండీ అనబోయి, ఇంజినీరు మంచినీళ్లు తాగి కూర్చున్నాడు.

వెనకవైపు నొప్పుల మందు ప్రకటన ఉంది గనక అక్కడ కుదరదని ప్రచార విభాగం చెప్పింది. పైకప్పు మీద సామాన్లుంటాయి. అడుగున పెడితే రాళ్లు తగులుతాయని ఒకరు, ఎవరికీ కనపడదని మరొకరు అన్నారు. రెండో మాట చైర్మన్ గారి మనసుకు తగిలింది.

“ప్రజలకు చేసిన మేలు ఎక్కడో అడుగున, చీకట్లో పడి ఉండడమేమిటి? ప్రజల కోసం కొన్నది ప్రజల మధ్యనే ఉండాలి” అని ఆయన ఉపన్యసించారు. చప్పట్లు మోగాయి. ఇంజినీరు అభిప్రాయం అడిగారు. ఆలోచించదగ్గదే అన్నాడాయన. సాంకేతిక ఆమోదం లభించినట్టు ప్రకటించారు. కూలర్‌ను బస్సు లోపల, సీట్ల మధ్య నడవలో, పీట వేసి ప్రతిష్ఠించారు.

ఇంజినీరు భార్య కొండమీది బడిలో టీచరు. రోజూ ఆ బస్సులోనే వెళుతుంది.

“ఎక్కడ పెట్టాలో మీకు తెలీదా?” అని అడిగింది ఆ సాయంత్రం.

“తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“వాళ్లు అభిప్రాయం అడిగారు. ఎక్కడ పెట్టాలని అడగలేదు.”

మొదటి ప్రయాణంలోనే కూలర్ పొయ్యిలా కాగింది. మలుపు దగ్గర బస్సు ఆగింది. ఏం చేయాలో తోచక కండక్టరు తన సంచితో దానికి విసిరాడు. చూసి జాలిపడి జనం కూడా పేపర్లతో, కొంగులతో విసిరారు. నూనె చల్లారింది, బస్సు కదిలింది. దీన్ని చైర్మన్ ప్రజల భాగస్వామ్యంగా గుర్తించి, తన బొమ్మ ముద్రించిన విసనకర్రలు పంపించారు. కొద్దిరోజుల్లోనే జనం ఆరితేరారు. వంతులు వేసుకున్నారు. రిటైరైన గుమాస్తా ఒకాయన కార్యదర్శిగా విసనకర్రల సంఘం ఏర్పడింది. కూలర్ పక్క సీటు పెద్దమనుషులకు కేటాయించారు. ఆ సీటు దక్కనివాళ్లు అలిగారు.

ఒకరోజు బస్సు కుదుపుకు టీచరమ్మ చెయ్యి కూలర్‌కు తగిలి కాలింది. ఇంజినీరు మందు రాస్తూ, “బాగా మండుతోందా?” అన్నాడు.

“అది కాదు. మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడని మా హెడ్మిస్ట్రెస్ అడిగింది.”

“ఏం చెప్పావు?”

“బ్యాంకులో అన్నాను.”

ఆయనకు మందు డబ్బా మూత పెట్టడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం వర్క్‌షాపులో ఎవరూ లేనప్పుడు ఇంజినీరు పటం విప్పి గోడకు ఆనించాడు. కూలర్‌ను రేడియేటరు ముందు బిగించి, గొట్టాలు కలిపాడు. పని కుదిరింది. సోమవారం బస్సు ఎక్కడా ఆగకుండా కొండెక్కింది. ఇంజన్ వేడి చూపే ముల్లు కదలకపోవడం చూసి, అది పాడైందనుకుని డ్రైవరు వేలితో తట్టాడు. టీచరమ్మ ఆ ఉదయమే హెడ్మిస్ట్రెస్‌కు నిజం చెప్పింది.

బస్సులో మాత్రం విషాదం అలుముకుంది. ఒళ్లో విసనకర్రలు పెట్టుకుని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కార్యదర్శి లేచి నిలబడ్డాడు. “ఇన్నాళ్లూ మా చేతుల మీద ఎక్కిన బస్సండీ ఇది. దానంతటది ఎక్కేస్తే ఇంక మేమెందుకు?” అన్నాడు. సాయంత్రానికి డిపో ముందు ధర్నా. ప్రజల కోరికకు చైర్మన్ తలవంచారు. కూలర్ నడవలోకి, పటం జాలీ మీదికి తిరిగి వచ్చాయి. ఇంజినీరును టిక్కెట్ల గోదాముకు మార్చారు. టీచరమ్మ మాత్రం హెడ్మిస్ట్రెస్‌కు చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

బస్సు నేటికీ తిరుగుతోంది. ఎక్కితే కిటికీ పక్క సీటు కోసం వెతక్కండి; మర్యాదస్తులెవరూ అక్కడ కూర్చోరు. విసరడం మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మీది ఎన్నేళ్లుగానో విసురుతున్న చెయ్యేనని చూడగానే తెలుస్తుంది.