మంచం కొలిచిన అధికారి

గురువారం ఉదయం ఆరింటికి గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండులోగా ముందుగదిలోంచి అత్తగారినీ, ఆవిడ మంచాన్నీ, టీవీనీ బయటికి పంపాలి. దుకాణంలోని గోడగడియారాలను ఆ గదిలోకి తేవాలి. పన్నుల శాఖ అధికారి వచ్చి చూసేసరికి ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ అది పనిగదే అన్నట్టు ఉండాలి. అంతే.

బజారు మూలనున్న చిన్న దుకాణంలో ఇరవై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నందువల్ల వీధిలో ఆయనకు వేరే పేరు మిగల్లేదు. అద్దెయింట్లో ముందుగదిని కూడా పనికే వాడుతున్నానని చెప్పి, ఆ గది వంతు అద్దెనూ కరెంటు ఖర్చునూ ఏటా ఆదాయంలోంచి తగ్గించి చూపేవాడు. మొదట్లో అది నిజమే. రెండేళ్ల క్రితం మామగారు పోయాక అత్తగారు వచ్చి ఆ గదిలో ఉంటోంది. పనిబల్ల కిటికీ పక్కకు జరిగింది. ఆ బల్ల మీదికి మామగారి కళ్లజోడు పెట్టె వచ్చి చేరింది. దాన్ని తీయమని ఎవరూ అనలేదు. పన్ను కాగితంలో "ఈ గది పూర్తిగా వ్యాపారానికే" అన్న వాక్యాన్నీ ఎవరూ తీయలేదు. తీయాలంటే ఎందుకో రాయాలి. అది రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు.

ఆ కాగితాలన్నీ నింపేది బావమరిది. ఏ మాటకైనా చట్టంలోని సెక్షన్ ఒకటి చెప్పందే ఊరుకోడు కనుక ఇంట్లో అతన్ని సెక్షన్ అనే పిలుస్తారు. గురువారం పదకొండింటికి అధికారి వస్తాడంటూ సోమవారం వచ్చిన ఉత్తరంలో "మీరు చూపిన తగ్గింపుల పరిశీలన నిమిత్తం" అన్న చోటికి రాగానే గడియారాలాయన చదవడం ఆపేశాడు. బావమరిది అందులోని సెక్షన్ నంబరు మాత్రం చూసి, అర్థమైనట్టు తల ఊపాడు. ఏ చిరునామాకు వస్తారో, వచ్చి ఏం చూస్తారో ఆ కాగితం వెనక వివరంగా రాసి ఉంది. కాగితాన్ని తిప్పాలన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

"పనిగది అని రుజువు కాకపోతే రెండేళ్ల పన్ను, దానిమీద జరిమానా," అన్నాడు సెక్షన్. "నీ లేత్ అమ్ముకోవాల్సిందే బావా."

లేత్ అంటే గడియారాల్లోని సన్నటి ఇరుసులు చెక్కే యంత్రం. తొమ్మిదేళ్లు పైసా పైసా దాచి పోయిన ఏడాదే కొన్నాడు. కొన్న రోజునే దుకాణంలోని బల్లకు నాలుగు బోల్టులతో బిగించాడు. ఐదోది కూడా బిగించేవాడే, చోటు లేక ఊరుకున్నాడు. ఈ ఉదయం దుకాణంలో కదలకుండా మిగిలింది అదొక్కటే.

ఏడింటికి తోపుడుబండి ముప్పయ్యొక్క గోడగడియారాలతో ఇంటి ముందు ఆగింది. తిరిగి ఖాళీగా పోవడం గడియారాలాయనకు నచ్చలేదు. కిరాయి రెండువైపులా ఇస్తున్నప్పుడు బరువు ఒకవైపే ఎందుకన్నాడు. అలా అత్తగారి మంచం దుకాణానికి బయలుదేరింది. మంచం లేకుండా తానుండనని అత్తగారు, టీవీ లేకుండా మంచమెందుకని కూడా అత్తగారే అంది.

"ఎంతసేపు అల్లుడూ?"

"ఒక్క గంట అత్తయ్యా."

"మీ మామయ్య కూడా ఆస్పత్రికి పోతూ ఒక్క గంటన్నారు," అంది ఆవిడ, దుప్పటి మడతపెడుతూ. దాన్ని చంకన పెట్టుకుని బండి వెంట నడిచింది.

పదింటికల్లా గది తయారైంది. గోడల వెంట గడియారాలను ఆనించి నిలబెట్టారు. అన్నీ ఒకే సమయం చూపాలని సెక్షన్ పట్టుబట్టి ఒక్కొక్కటీ సరిచేశాడు. అన్నీ సరిగ్గా నడుస్తుంటే ఇక ఇక్కడ బాగుచేసేదేమిటని అతని అక్క, గడియారాలాయన భార్య, అడిగితే వినిపించుకోలేదు. ఆవిడ బల్ల తుడుస్తూ కళ్లజోడు పెట్టె దగ్గర చెయ్యి ఆపింది.

"దీన్నేం చేద్దామండీ?"

"ఉండనీ."

ఆవిడ పెట్టె చుట్టూ తుడిచింది.

పదిన్నరకి గడియారాలాయన కంటికి భూతద్దం తగిలించుకుని, ఏ జబ్బూ లేని వాచీ ఒకటి విప్పి కూర్చున్నాడు. పదకొండయింది. ముప్పయ్యొక్క గడియారాలు ఒక్కసారిగా పదకొండేసి గంటలు కొట్టాయి. సెక్షన్ చెవులు మూసుకున్నాడు. మోత ఆగింది, గుమ్మంలోకి మాత్రం ఎవరూ రాలేదు. పదకొండూ పది. పావు. వీధిలో చెప్పుల చప్పుడైన ప్రతిసారీ గడియారాలాయన వాచీలోంచి ఒక మర ఊడదీశాడు. ఇరవై నిమిషాలయ్యేసరికి ఊడదీయడానికి ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు ఫోను మోగింది. దుకాణం పక్కనే పెన్నులమ్మే ఆయన.

"ఎవరో ఒకాయన మీ దుకాణంలో మంచం కొలుస్తున్నాడండీ. టేపు పెట్టి."

"ఎవరాయన?"

"తెలీదు. చంకలో ఫైలుంది. టేపు రెండో చివర మీ అత్తగారు పట్టుకున్నారు."

గడియారాలాయన కంటికున్న భూతద్దం లాగేశాడు. దుకాణంలో మంచం, మంచం మీద అత్తగారు, ఎదురుగా టీవీ. ఇప్పుడు ఇంటి గది మాట దేవుడెరుగు, దుకాణం కూడా దుకాణం కాదని రాసుకుపోతాడు. గడియారాలు తక్షణం వెనక్కి పోవాలన్నాడు. మంచం దించి వచ్చి వీధిలోనే కాచుకుని ఉన్న తోపుడుబండి అతను కిరాయి పెంచాడు. పది నిమిషాల్లో ముప్పయ్యొక్కటీ బండెక్కాయి. ఫోను బల్ల మీదే ఉండిపోయింది.

దుకాణం చేరేసరికి అత్తగారు మంచం మీద నింపాదిగా కూర్చుని ఉంది. అధికారి లేడు.

"ఆయనేరి అత్తయ్యా?"

"ఇప్పుడే మీ ఇంటికి పంపాను. వెనక సందులోంచి దగ్గరని దారి కూడా చెప్పాను."

"ఎందుకు పంపారు?"

"పొద్దున్నుంచీ అంత కష్టపడి సర్దారు కదా. చూడకుండా పోతే ఏం బాగుంటుంది?" అని, ఆవిడ ఇంకేదో చూపించబోయింది. చూసే తీరిక ఆయనకు లేదు. ఇంట్లో ఆ గది ఇప్పుడు కడిగిన పళ్లెంలా ఉంది. "తిప్పు," అన్నాడు బండి అతనితో.

నాలుగు వీధుల కూడలిలో బండి చక్రం కాలువ మూత సందులో ఇరుక్కుంది. సెక్షన్ వెనక నుంచి తోశాడు. గడియారాలాయన ముందు నుంచి లాగాడు. చక్రం కదల్లేదు. అంతలో పన్నెండయింది.

ముప్పయ్యొక్క గడియారాలు నడివీధిలో పన్నెండేసి గంటలు కొట్టడం ఆ పేటలో అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. కిటికీలు తెరుచుకున్నాయి. స్కూటర్లు ఆగాయి. గంటల మోత దిక్కుగా, వెనక సందులోంచి చంకలో ఫైలుతో ఒక బక్కపలచటి మనిషి నడుచుకుంటూ వచ్చి బండి ముందు నిలబడ్డాడు. ఆఖరి గంట అయ్యేదాకా ఓపిగ్గా ఆగాడు.

"గడియారాలు బాగుచేసేది మీరేనా?"

కాదనడానికి వీల్లేకపోయింది.

"మీ దుకాణంలో మంచముంది. మీ ఇంటికీ వెళ్లొస్తున్నాను, ముందుగది ఖాళీగా ఉంది. అసలు మీరు పని ఎక్కడ చేస్తారండీ?"

సెక్షన్ ఒక సెక్షన్ అందుకోబోయాడు. గడియారాలాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. పొద్దున్నుంచీ మోసిన బరువు అక్కడే దించేయాలనిపించింది.

"దుకాణంలోనే చేస్తానండీ. ఇంట్లో గది మా అత్తయ్యది. రెండేళ్లయింది. పొద్దున ఒక గంట నేను కిటికీ దగ్గర కూర్చుంటాను, అంతే. కాగితంలో మార్చాల్సింది. మార్చలేదు."

అధికారి చంకలోని ఫైలు చేతిలోకి తీసుకున్నాడు.

"నేను వచ్చింది గదికోసం కాదండీ. లేత్ కొన్నానని తగ్గింపు చూపించారు. అది నిజంగా ఉందో లేదో చూసిపోవాలి. ఉత్తరం వెనక రాశాం. లేత్ ఉంది, దానిమీద టీవీ ఉంది. మంచం అడ్డమొస్తే, జరపడానికి చోటుందా అని కొలిచాను. పదకొండున్నరకి నా పని అయిపోయింది."

గడియారాలాయన బండి అంచు పట్టుకున్నాడు. సెక్షన్ ఎటో చూస్తున్నాడు.

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నేను విన్నాను. విననట్టు పోలేను." అధికారి ఫైలు తెరిచి, రెండేళ్ల గది ఖర్చు మీద గీత కొట్టాడు. మీ అంతట మీరే చెప్పారు కనుక జరిమానా వేయనన్నాడు. లేత్ జోలికి పోలేదు. కలం మూత పెడుతూ, ముందుగదిలో బల్ల మీదున్న కళ్లజోడు పెట్టె ఎవరిదని అడిగాడు.

"మా మామగారిది. పోయారు."

"దాన్ని నేను రాసుకోలేదు," అన్నాడు అధికారి మెల్లగా. వెళ్లబోతూ మళ్లీ ఆగాడు. "ఇంకో సంగతి. దుకాణంలో పనిచేసే ఆవిడ జీతం ఖర్చుల్లో కనబడలేదే?"

"పనిచేసే ఆవిడెవరండీ?"

"నేనున్న కాసేపట్లో నాలుగు వాచీలు తీసుకున్నారు. మందుల అట్టపెట్టె చింపి నలుగురికీ చీటీలిచ్చారు. నాలుగోది నాదే, పట్టీ తెగింది. అడ్వాన్సు లేనిదే ముట్టనన్నారు." అట్టముక్క జేబులోంచి తీసి చూపించాడు. "ఆవిడకు జీతమిస్తే అది ఖర్చే. నిక్షేపంగా తగ్గించుకోండి. ఇవ్వకుండా రాశారంటే మాత్రం నేను మళ్లీ రావాలి."

ఆ సాయంత్రం మంచం ఇంటికి వచ్చింది. అత్తగారు మాత్రం మర్నాటి నుంచి దుకాణానికే పోతోంది. పోతూ కళ్లజోడు పెట్టె చేత్తో పట్టుకుపోయి లేత్ పక్కన పెట్టుకుంటుంది. ఆవిడ అడిగిన జీతం, అధికారి కొట్టేసిన గది ఖర్చుకంటే కొంచెం ఎక్కువే.

నెలాఖరున జీతం ముట్టినట్టు సంతకం పెట్టమని సెక్షన్ కాగితం చాపితే, ఆవిడ ముందుగా దాన్ని వెనక్కి తిప్పి చూసింది.