డిక్కీలో ఎనిమిది ఇసుక బస్తాలు

“మంచులో కారుకి కావలసింది నాలుగు చక్రాల బలం కాదు, నడిపేవాడి వ్యక్తిత్వం!” అని వెండెల్ హోక్కనెన్ డిసెంబరు మొదటి ఆదివారం నాడు, చర్చి కింది హాల్లో, కాఫీ కప్పు పైకెత్తి మరీ ప్రకటించాడు.

అక్కడున్న పదిమందీ తలలూపారు. అమెరికా ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న ఆ డులూత్‌లో తలూపడమంటే ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు! పుట్టి పెరిగిన ఊరే అయినా ఆ తేడా తెలియనివాడు వెండెల్ ఒక్కడే. అతని భార్య మారిట్‌కి బాగా తెలుసు. అందుకే ఐదు నెలల ఐలాని భుజాన వేసుకుని, బిస్కెట్ల పళ్లెం తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు దానివైపే చూస్తూ నిలబడింది.

వెండెల్ ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగి. సరస్సు కనబడే ఇల్లు అమ్మాలంటే దానికి తగ్గ కారులో దిగాలని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ప్రకారం అరిజోనా ఎడారి నుంచి ఒక నల్లటి జర్మన్ కారు తెప్పించాడు. తోలు సీట్లు, వీపు వెచ్చబెట్టే తీగలు, చెక్క నగిషీ... అన్నీ ఉన్నాయి. ముందు చక్రాలకి మాత్రం ఇంజనుతో ఏ సంబంధమూ లేదు. అవి అటూ ఇటూ తిరగడానికే. తోసే పనంతా వెనక రెండు చక్రాలదే! పాపం, ఆ కారు పుట్టి బుద్ధెరిగాక మంచు చూసిందే లేదు.

“ఏమోయ్ వెండెల్, జారకుండా మంచు టైర్లు వేయించావా?” అన్నాడు పక్కింటి గోర్డీ స్ట్రామ్. అరవై దాటిన మనిషి. నాలుగు చక్రాలూ తోసే ట్రక్కు ఆయనకుందని ఊరందరికీ తెలుసు, తెలియనివాళ్లకి ఆయనే చెబుతాడు. “మన వీధిలో అందరం అక్టోబరులోనే వేయించేస్తామయ్యా.”

“ఎందుకండీ గోర్డీ గారూ? ఆ టైర్లతో వచ్చే నల్ల ఇనప చక్రాలు తగిలిస్తే, సూటు వేసుకుని గమ్‌బూట్లు తొడిగినట్టుంటుంది!”

అలా అన్నవాడు మర్నాడే హార్డ్‌వేర్ దుకాణంలో ఎనిమిది ఇసుక బస్తాలు కొని డిక్కీలో పేర్చాడు. వెనక బరువుంటే చక్రాలు నేలని పట్టుకుంటాయట. ఎందుకని దుకాణంవాడు అడిగితే “తోట పనికి” అన్నాడు. డిసెంబరులో! దుకాణంవాడు తలూపాడు.

మారిట్ బెంగ వేరు. ఐలా నెలలు నిండకుండా పుట్టి మూడు వారాలు అద్దాల పెట్టెలో ఉన్న పిల్ల. ఇప్పటికీ నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటే తప్ప మారిట్‌కి ఊపిరాడదు. వచ్చే ఆదివారం పదింటికి బాప్టిజం. అదైపోతే తన గుండె కాస్త కుదుటపడుతుందని ఆమె ఆశ. పదకొండుకల్లా పాస్టర్ థోర్సన్ పక్క ఊరి చర్చికి వెళ్లిపోవాలి. ఈ ఆదివారం తప్పితే మళ్లీ ఆయనకి ఖాళీ ఈస్టర్ తరువాతే!

ఆ ఆదివారం తెల్లారేసరికి మోకాలి లోతు మంచు పడింది.

“నడిచిపోదాం వెండెల్. నాలుగు వీధులేగా. పిల్లని నా కోటులో పెట్టుకుంటా.”

“నడవడమా? సొంత కూతురి బాప్టిజానికా? ఇళ్లు అమ్మేవాడు నడిచొచ్చాడంటే ఇక నా దగ్గర గుమ్మం అయినా కొంటారా?”

ఐలాని వెనక బుల్లి సీట్లో కట్టి బయలుదేరారు. డిక్కీ నిండా బస్తాలు కాబట్టి, విందుకి చేసిన బంగాళాదుంపల వంటకం వేడి గిన్నెతో సహా మారిట్ ఒళ్లోకి చేరింది. డులూత్ వీధులు సరస్సు నుంచి నిటారుగా కొండెక్కుతాయి. మొదటి అడ్డవీధి దాటింది కారు. రెండోది చేరకముందే వెనక భాగం మెల్లగా పక్కకి తిరిగి, ఎదురింటి పోస్టుడబ్బాని పలకరించి, ఆగిపోయింది. చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉన్నాయి. అద్దం కింద, జారిపోతున్న కారు బొమ్మతో ఒక దీపం వెలిగింది. ఆ కారులో నిజం ఒప్పుకున్నది అదొక్కటే!

వెండెల్ దిగి, ఇసుక బస్తా విప్పితే బరువు తగ్గుతుందని, పెంపుడు పిల్లుల దొడ్డిపెట్టెలో వేసే మట్టిని పట్టు కోసం చక్రాల కింద చల్లాడు. చక్రాలు దాన్ని తీసుకుని తిరిగి అతని సూటు మీదే చల్లాయి.

అంతలో పార భుజాన వేసుకుని గోర్డీ నడిచొస్తున్నాడు. “ఏదో ఊరికే ఇటు వచ్చానయ్యా. కాస్త తొయ్యమంటావా?”

“అబ్బే, వద్దండీ.”

ఇది మర్యాద. డులూత్‌లో సాయం చెయ్యనా అని మూడుసార్లు అడుగుతారు. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి సరేననాలి. నాలుగోసారి అడగడమంటే అవతలివాణ్ణి అవమానించడమే!

“శ్రమేం లేదోయ్.”

“వద్దండీ, ఇంజను వేడెక్కుతోందంతే.”

“నిజంగానే వద్దా?”

మారిట్ ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు సరేనను, నాయనా!

“నిజంగానే వద్దండీ!” అన్నాడు వ్యక్తిత్వం గల వెండెల్.

“సరే మరి,” అని గోర్డీ పైకి నడక సాగించాడు. కారు గడియారంలో పదికి ఐదు నిమిషాలు. ఐలా చిన్నగా దగ్గింది. అంతే, మారిట్ అద్దం దించింది.

“గోర్డీ గారూ! తొయ్యండి! మీకు పుణ్యముంటుంది, తొయ్యండి!”

వీధి నిశ్చేష్టమైంది. సాయం నోరు తెరిచి అడగడం ఆ వీధి చరిత్రలో అదే మొదలు! మరుక్షణం ఇంటికొకరు చొప్పున బయటికొచ్చారు. అందరూ చర్చి బట్టల్లోనే ఉన్నారు, అందరి చేతుల్లోనూ పారలు! తొమ్మిదిమంది భుజాలు పెట్టి, కారుని దాని ఎనిమిది బస్తాలతో సహా కొండెక్కించారు.

చర్చి దగ్గరికి చేరేసరికి పదీ ఇరవై. తలుపుకి తాళం! మెట్ల మీద ఒక్క అడుగుజాడ లేదు. పాస్టర్ రానేలేదా?

అప్పుడు మలుపులో పాస్టర్ థోర్సన్ కనిపించారు. అంగీ నడుం దాకా ఎగదోపుకుని, రొప్పుతూ నడిచొస్తున్నారు. “వ్యాయామం! చల్లగాలి ఎంత బాగుందో!”

“మేమూ అందుకే నడిచొచ్చాం!” అన్నారు తొమ్మిదిమందీ.

మారిట్‌కి ఒకసారి అడగడం అలవాటయ్యాక నోరు ఆగలేదు. “పాస్టర్ గారూ, మీ కారేదండీ?”

పాస్టర్ ఆకాశం వైపు చూశారు. అక్కణ్ణుంచి ఏ ఆదేశమూ రాలేదు. “మా వాకిట్లో, మంచుగుట్టలో ఉందమ్మా. పక్క ఊరు కూడా ఇక వెళ్లేది లేదు.”

“గోర్డీ గారూ, మీ ట్రక్కు?”

“దానికి... ఆదివారం విశ్రాంతి అమ్మాయ్,” అని గోర్డీ పార కొసతో మంచు గీకాడు. మిగతా ఎనిమిదిమందీ తమ బూట్లలో ఏదో కొత్త విశేషం కనిపెట్టారు.

తడిసిన ప్యాంట్ల మధ్య ఐలా బాప్టిజం దివ్యంగా జరిగింది. నీళ్లు నెత్తిన పడగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ గొంతులోని బలం విని మారిట్ నవ్వుతూ ఏడ్చింది. తరువాత కింది హాల్లో వెండెల్ కాఫీ కప్పెత్తాడు: “చూశారా? వెనక చక్రాలే కదా అన్నారు!” తొమ్మిదిమందీ తలలూపారు.

సోమవారం పొద్దున్నే, వెండెల్ ఆఫీసుకెళ్లగానే, మారిట్ టైర్ల దుకాణానికి ఫోన్ చేసింది.

“హోక్కనెన్ ఇల్లా? అదే వీధి కదూ!” అంది అవతలి ఆవిడ. “ఇవాళ మీ వీధి నుంచి పన్నెండో ఫోనమ్మా. తలుపు తియ్యకముందే స్ట్రామ్ గారు. తరువాత పాస్టర్ గారు. అందరికీ మంచు టైర్లే కావాలి, కానీ ఎవరికీ తమ కోసం కాదట, స్నేహితుడి కోసమట! ఇప్పుడే మీ ఆయన కూడా చేశాడు. ఆయనకీ ఎవరో స్నేహితుడున్నాడట. మరి మీరూ స్నేహితురాలి కోసమేనా?”

ఒళ్లో ఐలా ఫోను తీగ నోట్లో పెట్టుకుని చీకుతోంది.

“కాదండీ,” అంది మారిట్. “మాకే. మా కారు మంచులో కదలదు.”

అవతల పెన్ను గీసిన శబ్దం.

“రేపు పొద్దున ఎనిమిదింటికి తెచ్చెయ్యమ్మా,” అంది ఆవిడ. “ఆ స్నేహితులంతా జనవరి దాకా ఆగుతార్లే.”