మీరే ముందు కానివ్వండి

ఉల్‌స్టాడ్ కౌంటీ పౌరులకు తెలియజేయునది ఏమనగా, వలస చట్టాన్ని సంస్కరించి తీరాలని మన రెండు పార్టీలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నాయి. ఇలా ఒప్పుకోవడం ఇది ఇరవై ఆరోసారి. ఒప్పుకోవడంలో ఇంత నిలకడ చూపిన జనం విస్కాన్సిన్‌లోనే కాదు, భూమండలంలోనే ఉండరని ఉభయపక్ష సంఘం కార్యదర్శిగా సగర్వంగా మనవి చేస్తున్నాను. ఈ పదవికి జీతం లేదు, కాఫీ ఇస్తారు.

కంచె పార్టీ అధ్యక్షుడు వెర్లిన్ హౌగెన్. సరిహద్దు గోడ ఇంకో పది అడుగులు లేవాలని ఆయన పట్టు. తలుపు పార్టీ అధ్యక్షురాలు మార్లిస్ టీట్జ్. ఎవరొచ్చినా మా పొరుగువారేనని ఆవిడ ఇంటి ముందు మూడు భాషల్లో బోర్డు పెట్టింది. ఇద్దరికీ పాడి ఉంది. ఇద్దరి ఆవుల్నీ పితికేది యుసేబియో. తెల్లవారుజామున ఆయన పాక, అది కాగానే ఆవిడ పాక, సాయంత్రం మళ్ళీ అదే వరస, పద్నాలుగేళ్ళుగా. ఇంతకన్నా ఉభయపక్షంగా బతికిన మనిషిని నేనెరగను. కాగితాల్లేని వాళ్ళని పనిలో పెట్టుకోకూడదని మన రైతులంతా చేతులెత్తి తీర్మానించినవారే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం.

మే నెలలో యుసేబియో కారు వెనక దీపం పగిలింది. పోలీసులు ఆపారు, లైసెన్సు లేదన్నారు, దేశం వదలమనేదాకా వచ్చింది. ఇతను మా ఊరివాడేనని ఒక పెద్దమనిషి సంతకంతో శుక్రవారం సాయంత్రం అయిదులోగా కోర్టుకి ఉత్తరం అందితే ఆపడానికి వీలుందని లాయరు చెప్పాడు. ఎవరిదైనా సరే, ఒక్క సంతకం చాలట.

మంగళవారం చర్చి కింది హాల్లో సంఘం కూర్చుంది. ఉత్తరం పది నిమిషాల్లో తయారైంది. చదివి ఇద్దరు అధ్యక్షులూ కళ్ళు తుడుచుకున్నారు. నేను కలం అందించాను.

“కానివ్వండి, మార్లిస్ గారూ,” అన్నాడు వెర్లిన్.

“అయ్యో, మీరు పెద్దవారు. మీరే ముందు.”

ఇది మన కౌంటీ మర్యాద. నాలుగు రోడ్ల కూడలిలో రెండు కార్లు ఎదురుపడితే, మీరెళ్ళండంటే మీరెళ్ళండని చెయ్యి ఊపుకుంటూ చీకటి పడేదాకా ఉండగలం. ఆ రోజు పళ్ళెంలో మిగిలిన ఆఖరి నిమ్మకాయ కేకు ముక్కని కూడా ఎవరూ తీసుకోలేదు. ఒకరు సగం కోసి సగం వదిలారు, ఇంకొకరు ఆ సగంలో సగం. సభ ముగిసేసరికి పళ్ళెంలో ఒక పొడి రేణువుంది. దాన్ని మార్లిస్ వెర్లిన్‌ వైపు జరిపింది.

“నేను ముందు పెడితే, కంచె కాయమంటే కంచె కోశాడంటారండీ మావాళ్ళు. మీరు పెట్టండి, కింద నేను గీసేస్తా,” అన్నాడు వెర్లిన్.

“నేను పెడితే, తన పాక కోసం ఏడుస్తోందంటారు మీవాళ్ళు. మీరు పెడితే ధైర్యమంటారు. ఆ పేరేదో మీకే రానివ్వండి.”

“అంత పేరు నాకెందుకండీ, మీరే ఉంచుకోండి.”

ఇంత త్యాగబుద్ధి మరే చట్టసభలో చూడగలం? బుధవారం, ఇద్దరూ ఒకేసారి సంతకం చేసే మార్గం వెతకడానికి ఉపసంఘం వేశాం. పై గీత ఎవరిదన్న చోట అది ఆగిపోయింది. గీతలు పక్కపక్కన పెడదామంటే, ఎడమ పక్క ఎవరన్నారు.

గురువారం యుసేబియో పాలడబ్బా పక్కన పెట్టి అడిగాడు. “ఎవరో ఒకరు పెట్టండమ్మా. ముందువైపు కుదరకపోతే కాగితం వెనకైనా పెట్టండి.”

“కంగారుపడకు బాబూ. ఇదంతా నీ కోసమే కదా,” అంది మార్లిస్.

శుక్రవారం అయిదైంది. కోర్టు తలుపులు మూశారు. వాటికి ముందు వెనకల పట్టింపు లేదు.

పది రోజులకి అతన్ని పంపేశారు. రెండు పార్టీలూ కలిసి ఘనంగా వీడ్కోలు సభ జరిపాయి. అప్పటికే విమానం ఎక్కించేసినందున యుసేబియో హాజరు కాలేకపోయాడు. చట్టప్రకారం వచ్చి ఉంటే ఎంత బాగుండేదని వెర్లిన్, చట్టమే మారి ఉంటే ఎంత బాగుండేదని మార్లిస్ ప్రసంగించారు. ఇరవై ఏడోసారి ఒప్పుకున్నాం.

నేను కుర్చీలు మడుస్తుంటే యుసేబియో భార్య నొయెమి వచ్చింది. ఇద్దరు పిల్లలు ఆవిడ వెనక నిలబడ్డారు.

“ఎవరి సంతకమైనా చాలన్నారు కదయ్యా లాయరు గారు.”

“అవునమ్మా. మినిట్స్‌లో రాశాను.”

“నాలుగు రోజులూ కలం మీ చేతిలోనే ఉంది కదా.”

“నేను ఏ పార్టీ వాణ్ణీ కాదమ్మా, మధ్యస్థుణ్ణి. పెద్దలుండగా నేను ముందుపడితే బాగుండదు.”

ఆవిడ పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. అది రాయడానికి మినిట్స్‌లో తగిన పద్దు లేదు.

తరవాతి సభలో ఆ మినిట్స్ చదివి వినిపించాను. సంతకం చేయగల పెద్దమనిషి కౌంటీలో ఎవరూ దొరకలేదని అందులో ఉంది. అభ్యంతరాలుంటే చెప్పమన్నాను. మీరెవరూ చెప్పలేదు. మినిట్స్ మీద కార్యదర్శి ముందు సంతకం చేయాలన్నది నియమం. వెంటనే చేశాను.