ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి

మా బంధువర్గంలో ఎవరినైనా నమ్మాలంటే ముందుగా మా బాబాయి అనుమతి పొందాలన్న నిబంధన ఇప్పటికీ అమల్లోనే ఉందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. తనిఖీ శాఖలో పనిచేసి రిటైరైన ఆయన్ని మేమంతా విచారణ బాబాయి అంటాం. పెళ్ళి సంబంధమైనా, పనిమనిషైనా, పాత స్కూటరైనా, ముందు ఆయన కూపీ లాగాలి, ఆ తరవాతే మేం ఊపిరి పీల్చుకోవాలి.

మేడ మీది గది అద్దెకివ్వడంలో ఆయన శ్రద్ధ ఆదర్శప్రాయం. అడ్వాన్సు ఒకరి ఖాతా నుంచీ అద్దె ఇంకొకరి ఖాతా నుంచీ వచ్చాయని ఒక స్కూలు మాస్టారిని ఉన్నపళంగా ఖాళీ చేయించారు. ఆ రెండో ఖాతా మాస్టారి భార్యది. పిన్ని సొంత తమ్ముడు అదే గది అడిగితే విచారణ రెండేళ్ళు సాగింది. అతను విసిగిపోయి వేరేచోట ఇల్లు కట్టుకున్నాడు. ఆగలేని మనిషని తనకి మొదట్నుంచీ అనుమానమేనన్నారు బాబాయి.

ఇంతటివారు తమ దగ్గరున్న క్రిప్టో నాణేలని ఫోన్లో ఒక యాప్‌లో అమ్మకానికి పెట్టారు. పిన్ని మోకాలి ఆపరేషనుకి దాచిన సొమ్ముతో, ఆవిడకి చెప్పకుండా కొన్న నాణేలవి. ఆపరేషను గురువారం. కొంటానని వచ్చినవాడి పేరు ‘శుభోదయం’. ఫోటో ఉండాల్సిన చోట సూర్యుడున్నాడు. ఊరూ పేరూ తెలియదు. కానీ మార్కెట్ రేటు కంటే ఎక్కువిస్తానన్నాడు. ఆ మాటతో అతని వంశమర్యాద బాబాయికి కళ్ళకు కట్టింది.

డబ్బు వెంటనే పడింది. పంపిన ఖాతా మీది పేరు మాత్రం ఎవరో ఆడమనిషిది. బాబాయి గమనించారు, గమనించకుండా ఉండే మనిషి కాదు. అతని తల్లిగారై ఉంటారని, కొడుకు వ్యాపారానికి తన ఖాతా ఇచ్చే తల్లులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని ముచ్చటపడి, నాణేలు పంపేసి, పైగా ఫైవ్ స్టార్ రేటింగు ఇచ్చారు.

బుధవారం ఉదయం ఆయన ఖాతాని స్తంభింపజేయడమైనది. ఒంటరిగా ఉండే ఒక ముసలావిడని ఎవరో ఫోన్లో బెదిరించి ఉన్నదంతా ఊడ్చేశారు. ఊడ్చింది తిన్నగా బాబాయి ఖాతాలోకి వచ్చి పడింది. నాణేలతో సహా శుభోదయం మాయమయ్యాడు. చట్టానికి అందుబాటులో ఉన్న ఏకైక వ్యక్తి, సమస్త గుర్తింపు కార్డులతో, మా బాబాయి.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆయన తాతగారి దగ్గర మొదలుపెట్టి, కిందటి ఇల్లు ఎందుకు మారారన్నదాకా అడిగాడు. విచారణంటే అలా ఉండాలని బాబాయి తరవాత మెచ్చుకున్నారు కూడా.

“అవన్నీ సరేనండీ, కొన్నవాడెవడు?”

“మంచివాడేనండీ. చెప్పిన టైముకి డబ్బేశాడు.”

ఇన్‌స్పెక్టరు ఆ వాక్యం రాసుకుని దాని కింద సంతకం పెట్టించుకున్నాడు. తెలియక చేశానని కోర్టులో చెప్పుకోవచ్చుగానీ, జీతమంతా తెలుసుకోవడానికే తీసుకున్న మనిషి ఆ మాటంటే ఎవరూ నమ్మరని లాయరు ఫీజు పుచ్చుకుని మరీ చెప్పాడు.

ఇంటికొచ్చాక పిన్నికి చెప్పక తప్పలేదు. నొప్పి కాలు మీద బరువు పడకుండా గోడ పట్టుకుని నిలబడి ఆవిడ అంతా విన్నది.

“నా తమ్ముణ్ణి రెండేళ్ళు విచారించారే. వీణ్ణి ఒక్కపూటైనా విచారించలేదేం?”

“మీ తమ్ముడు రేటెక్కువిస్తానన్నాడా?” అన్నారు బాబాయి, ఏ కల్మషమూ లేకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఆస్పత్రిలో డబ్బు ఆ తమ్ముడే కట్టాడు, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా. అందులో ఏదో మతలబు ఉందని బాబాయికి గట్టి నమ్మకం.

కేసు నడుస్తోంది. పిన్ని కూడా కర్ర సాయంతో నడుస్తోంది. పరామర్శకి వచ్చిన బంధుమిత్రులందరూ, ముక్కూ మొహం తెలియనివాడితో లావాదేవీలేమిటని హాల్లో బాబాయిని ముక్తకంఠంతో మందలించారు. గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటూ, ఇంతకీ వాడు రేటెంత ఎక్కువిచ్చాడని నన్ను విడివిడిగా, గొంతు తగ్గించి అడిగారు. ఆ ముసలావిడ సంగతేమైందని ఒక్కరూ అడగలేదు.

ఆ రేటెంతో నేనిక్కడ ఎక్కడా రాయలేదు. అది మీరు గమనించే ఉంటారు. ఆ ముసలావిడ పేరు కూడా రాయలేదు. అది గమనించారా?