బొంబాయి ఆట, ప్రత్తిపాడు నడుము

ఆదెయ్యకి నడుం పట్టేసిన సంగతి ప్రత్తిపాడులో అందరికన్నా ముందు తెలిసింది ఆదెయ్యకే. ముందురోజు సాయంత్రమే తెలిసింది. మర్నాడు మధ్యాహ్నం భోజనం కాగానే పట్టెయ్యాలని నిర్ణయించింది అతనే మరి.

కారణం బొంబాయిలో ఉంది. ఎనభై రెండు జనవరి అది. అక్కడ ప్రపంచకప్పు హాకీ పోటీలు జరుగుతున్నాయి. ఆ మధ్యాహ్నం మనవాళ్ళకీ ఆస్ట్రేలియాకీ ఆట. ఆదెయ్య హైస్కూల్లో హాకీ ఆడినవాడు. జిల్లా జట్టులోకి తీసుకున్నారని తెలిసిన వారంలోనే, మిరపకోతకి మనుషులు చాలడం లేదని వాళ్ళ నాన్న బడి మాన్పించాడు. అప్పటినుంచీ చేతిలో కర్ర అయితే ఉంది గానీ దాని ముందు బంతికి బదులు గేదె ఉంటోంది.

చిక్కల్లా, ఆ మధ్యాహ్నం బస్సుకే అతని భార్య వెంకటేశ్వరమ్మ చీమకుర్తిలో పుట్టింటికి బయల్దేరాలి. తోడుగా తనూ వెళ్ళక తప్పదనుకున్నాడు ఆదెయ్య. ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. పెళ్ళైన చాలా ఏళ్ళకి వాడికి కొడుకు పుట్టాడు. తెల్లారగానే ఉయ్యాలలో వేసే ముహూర్తం, ఆ బస్సు తప్పితే అందదు. వేయాల్సింది మేనత్త. పిల్లాడి చెవిలో పేరు చెప్పాల్సిందీ మేనత్తే. ఆదెయ్య దంపతులకి పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె మాత్రం నెల రోజులుగా పత్తి తీస్తూ ఆ పేరు తనలో తనే అనుకుంటోంది.

కూడా వెళ్ళి బావమరిది ఇంట్లో రేడియో వినవచ్చు గదా అంటే, కలకత్తాలో టెస్టు మేచ్ అవుతున్నన్నాళ్ళూ ఆ రేడియో క్రికెట్టు తప్ప మరో మాట మాట్లాడదు. అయినా ఆట జరిగే వేళకి తను బస్సులో ఉంటాడు. అందుకే ఆదెయ్య ఈ నడుం ఉపాయం పన్నాడు. పక్కింటి పిచ్చమ్మ ఎటూ అదే దారిలో ఒంగోలు దాకా వెళ్తోంది. ఆమె తోడుతో భార్యని పంపేస్తే, ఇల్లూ రేడియో తనవి.

అన్నం తిని బిందె ఎత్తబోతూ ఆదెయ్య కొడవలిలా వంగి ఆగిపోయాడు. మూలుగు బాగానే వచ్చింది. గొడ్లపాకలో సాధన చేసిన మూలుగు అది.

"ఏమైందయ్యా?" అంది వెంకటేశ్వరమ్మ.

"నడుం పట్టేసింది. కదల్లేను. నువ్వు పిచ్చమ్మతో పో. నేను ఆ పత్తి మీద పడుకుంటా."

"కదల్లేనోడివి పత్తి మీదకి ఎట్టా ఎక్కుతావు?"

ఈ ప్రశ్న గొడ్లపాకలో ఎదురుకాలేదు. ఆదెయ్య జవాబు బదులు ఇంకోసారి మూలిగాడు.

ముందుగదిలో అమ్మకానికి పోసిన పత్తి నడుమెత్తున ఉంది. భార్య సంచీ తీసుకుని బయటికి వెళ్ళడం విని, ఆదెయ్య ఒక్క గంతులో దాని మీదకెక్కి, లోపల దాచిన రేడియో తిప్పాడు. వ్యాఖ్యానం కాసేపు హిందీలో, కాసేపు ఇంగ్లీషులో వస్తోంది. మొదటిది అతనికి రాదు. రెండోది మర్చిపోయాడు. అయినా చెప్పేవాడి ఊపిరిని బట్టి బంతి ఎవరి కర్ర దగ్గరుందో తెలిసిపోతోంది. మనవాళ్ళు ముందుకు పోతున్నారు. ఆదెయ్య కాళ్ళు పత్తిలో వాటంతటవే పరుగెడుతున్నాయి.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. వెంకటేశ్వరమ్మ బస్సు దగ్గరికి వెళ్ళలేదు. తాపుల అంకయ్యని పిలుచుకొచ్చింది. ఆదెయ్య రేడియోని పత్తిలోకి తోసేశాడు.

అంకయ్య ఎదురుకాళ్ళతో పుట్టినవాడు. అలా పుట్టినవాళ్ళు తన్నితే నడుం పట్టు వదులుతుందని ఆ ప్రాంతంలో గట్టి నమ్మకం. అందుకు అతను ఏమీ పుచ్చుకోడు, పుచ్చుకుంటే కాలి మహిమ పోతుందట. జిన్నింగు మిల్లులో పత్తి బోరేలు మోసీ మోసీ ఆ కాలు రోకలంత అయింది. పద్ధతి కూడా ఉంది. రోగి వసారాలో తూర్పుకి తల పెట్టి బోర్లా పడుకోవాలి. ఎడమకాలితో మూడు తాపులు. మొదటి తాపు నుంచి మూడోదాకా ఎవరూ నోరు విప్పకూడదు. విప్పితే ఆ పట్టు మెడకెక్కుతుంది.

తగ్గిపోయిందని ఆదెయ్య చెప్పబోయాడు. నొప్పి మరీ ముదిరితే మొదట అలాగే అనిపిస్తుందని అంకయ్య తేల్చేశాడు.

అప్పుడే పత్తి కుప్ప హిందీలో గట్టిగా అరిచింది. అంకయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. వెంకటేశ్వరమ్మ మోచేతిదాకా పత్తిలో చెయ్యి పెట్టి రేడియో బయటికి తీసింది. దాని వంకా మొగుడి వంకా చూసి, నోరు విప్పకూడదు గదా అంటూ దాన్ని కట్టేసింది. గోలు పడిందో తప్పిందో ఆదెయ్యకి తెలియలేదు.

అంకయ్య అతన్ని కిందికి దింపి వసారాలో బోర్లా పడుకోబెట్టాడు. మొదటి తాపు పడింది. మిరపచేను, వాళ్ళ నాన్న, డ్రిల్లు మేష్టారు అందరూ ఒకేసారి కనబడ్డారు.

అదే క్షణాన రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. వస్తున్నావా లేదా అని పిచ్చమ్మ అక్కడినుంచి కేకేసింది. వెంకటేశ్వరమ్మ సంచీ భుజాన వేసుకుని, వసారా గుంజ పట్టుకుని, పక్కకి తిప్పిన మొగుడి మొహంలోకే చూస్తూ నిలబడింది. నాకేం లేదు, పో అంటే చాలు. పరుగెత్తితే బస్సు అందుతుంది. ఆదెయ్య నోరు తెరిచాడు. అంకయ్య వేలెత్తి హెచ్చరించాడు. ఆ వేలు చూసుకుని ఆదెయ్య నోరు మూసుకున్నాడు. మాట్లాడకూడదన్న నియమం అతని జన్మలో అంత ఇదిగా ఎప్పుడూ అక్కరకు రాలేదు.

రెండో తాపు పడేటప్పటికి బస్సు కదిలింది. మూడో తాపుకి నడుంలో నిజంగానే ఏదో కలుక్కుమంది.

పట్టు వదిలిందని అంకయ్య సంతోషంగా వెళ్ళిపోయాడు. వెంకటేశ్వరమ్మ సంచీ దించి, రేడియో తెచ్చి మొగుడి చెవి పక్కన పెట్టి తిప్పింది. ఆట అయిపోయింది. ఓడిపోయిన సంగతి ఏ భాషలో చెప్పినా గొంతు ఒకేలా ఉంటుంది. ఆదెయ్యే రేడియో ఆపేశాడు.

ఆమె వావిలాకు వేసి కాచిన వేణ్ణీళ్ళు తెచ్చి కాపడం పెట్టసాగింది. అతనే అడిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"పొద్దున నువ్వు రేడియో తీగె కట్టను దూలమెక్కినప్పుడే తెలుసు. నడుం కోసం ఎవరూ దూలమెక్కరుగా."

"మరి అంకయ్యనెందుకు పిలిచావే?"

"మొగుణ్ణి నేను తన్నకూడదు గదయ్యా."

ఆదెయ్య నవ్వబోయాడు. నడుం ఒప్పుకోలేదు.

"ఆట వినాలని ఒక్క ముక్క చెబితే పోయేదిగా. నిన్ను రమ్మని ఎవరన్నారు? నేను పిచ్చమ్మతో పోదామనే అనుకున్నా," అంది.

"తెలిసి కూడా బస్సెక్కలేదేం మరి?"

ఆమె గుడ్డ పిండి మళ్ళీ వేణ్ణీళ్ళలో ముంచింది.

"నాకేం లేదు, పో అంటావేమోనని చూశా. బస్సు మలుపు తిరిగేదాకా చూశా."

ఆదెయ్య ఆమె వైపు తిరుగుదామనుకున్నాడు. తిరగలేకపోయాడు.