వంకాయలవారి వైరస్

నార్త్ సస్కాచెవాన్ నది శిలయై గడ్డకట్టగా, నిలిపిన కార్లన్నియు ఇంజన్లు గడ్డకట్టకుండ కరెంటు తీగలకు కట్టుబడి ప్రాణములు నిలుపుకొనుచుండగా, మైనస్ ముప్పై రెండు డిగ్రీల శిశిరప్రతాపము ఎడ్మంటన్ మహానగరమును ఏలు ఫిబ్రవరి శుక్రవార అపరాహ్ణవేళ, నైట్రైల్‌గ్లవ్‌కవచధారిణి, పిపెట్టాయుధపాణి, వంకాయల వంశసంజాత నీరజ యూనివర్సిటీ ల్యాబున ల్యాప్‌టాప్‌రథారూఢయై సమరమునకు సన్నద్ధయయ్యెను.

శత్రువెవ్వడు? మురుగునీటి చుక్కనుండి ఆమెయే పట్టి రెండేళ్లు పెంచిన బ్యాక్టీరియాభక్షకుడు, ఫేజ్ నామక వైరస్! సాయంత్రము ఐదింటిలోగా దాని జన్యుక్రమమును డేటాబేసునకు సమర్పింపనిచో మాంట్రియల్ సదస్సున ఆమె పోస్టరునకు చోటు లేదు. ఫారమున నిండని గడి ఒక్కటే: ఫ్యామిలీ. సమయము నాలుగు నలభై.

"అన్నా, దీనికి పొడుగు తోకుంది. సైఫోవిరిడే అని కొట్టెయ్యనా?"

పక్కబల్లనుండి కాకినాడవాసి, పోస్ట్‌డాక్‌కేసరి ఎలియాజరు గర్జించెను: "తోక చూసి ఫ్యామిలీ చెప్పే రోజులు పోయాయమ్మా! పొడుగుతోక, పొట్టితోక, ముడుచుకునే తోక, మూడు ఫ్యామిలీలూ రెండువేల ఇరవై రెండులోనే ఎత్తేశారు. ఇప్పుడంతా జీనోమే."

అంతట నీరజ జీనోమాస్త్రమును సంధించి, తెలిసిన ఫేజులన్నిటితో పోల్చి చూచెను. చుట్టమొక్కటియు లేదు! "ఓరీ దీర్ఘపుచ్ఛా, గోత్రహీనా, నిన్ను ఇంటివాణ్ణి చేయక విడువను!" అని ప్రతిజ్ఞ పలికి, గడిని నింపి, సబ్మిట్ బాణమును విడిచెను.

తెర రక్తవర్ణమాయెను. అట్టి కుటుంబము లేదట!

ఎలియాజరు వంగి చూచి పగలబడి నవ్వెను. "ఇదేంటమ్మా, ఫ్యామిలీ: వంకాయల? ఈ వైరస్ మీ బాబాయి కొడుకా?"

"అయ్యయ్యో! స్టడీ పర్మిటూ, సిన్ నంబరూ, లీజూ... ఈ దేశంల అన్నీ ఫారాలే! ఫ్యామిలీ నేమ్ కనవడితే చాలు, చెయ్యి దానంతటదే కొట్టేస్తదన్నా!"

"నయం, పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చెయ్యలేదు, అందులో దీన్నీ కుటుంబసభ్యుడని రాసేసేదానివి. తెలీకపోతే అన్‌క్లాసిఫైడ్ అని రాసెయ్."

"రెండేండ్లు పెంచిన్నన్నా. ఇంటిపేరు లేకుండా పంపాల్నా?"

"బోలెడు ఫేజులు అలాగే ఉన్నాయి. అబద్ధం పేరు కంటే నయం కదా."

నీరజ నిట్టూర్చెను. నాలుగు యాభై ఎనిమిదికి, తన వంశనామమును స్వహస్తముతో చెరిపి, అక్షరమక్షరము అన్‌క్లాసిఫైడ్ అని లిఖించి, ఎంటరును మోదెను.

నిమిషము గడువగా పచ్చని టిక్కు ఉదయించెను! ఫ్రిజ్జులు దుందుభులై గుర్రుమనెను, సెంట్రిఫ్యూజ్ శంఖమై ఊదెను. విశ్వమంతయు వినుగాక: నాలుగు యాభై తొమ్మిదికి, రెండేళ్ల ఘోరతపస్సు పిమ్మట, ఒకానొక ఫారమున ఒకానొక గడియందు, వంకాయల నీరజ తనకు తెలియదని విజయవంతముగా ఒప్పుకొనెను!