కౌసల్యమ్మ తలస్నానం

కొడుకు మీద కౌసల్యమ్మకున్న ఫిర్యాదు ఒక్కటే: వాడు మరీ మంచివాడు. తాగి పడిపోయే కొడుకైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. నన్ను పడిపోనివ్వడం లేదని ఎవరికి చెప్పుకుంటుంది?

చంద్రకాంత్ పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. వానాకాలంలో తల్లి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి కిష్టారెడ్డిపేటలోని ఫ్లాటును కూడా ఫ్యాక్టరీలాగే నడుపుతున్నాడు. కట్టు విప్పి రెండు నెలలైనా ఆమె స్నానానికి గడియ పెట్టుకోరాదు. కోడలు నిషిత బయట నిలబడి రెండు నిమిషాలకోసారి "అత్తమ్మా" అనాలి, లోపలి నుంచి "ఆఁ" అని వినిపించాలి. పోయిన వారం వడ్రంగిని పిలిచి బాత్రూమ్ తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించాడు. లోపల పడ్డ మనిషి అడ్డముంటే తలుపు నెట్టడం కుదరదట. అదీ చాలక, రేపటి నుంచి స్నానం చేయించడానికి చిట్కుల్ నుంచి దేవమ్మను మాట్లాడాడు.

"పుట్టినప్పుడు తానం పోసిండ్రు, పోయినంక ఎట్లన్న పోస్తరు. నడుమలనన్నా నన్ను పోసుకోనియ్యవారా?"

"సేఫ్టీ ఫస్ట్ అమ్మా."

ఇక ఆమె చేతిలో ఉన్నది ఈ ఒక్క పొద్దే. నిషిత స్కూలుకు వెళ్లగానే కొడుకును కుంకుడుకాయలకు పంపింది. చుట్టుపక్కల ఏ దుకాణంలోనూ అవి దొరకవని ఆమెకు తెలుసు.

"నేనొచ్చేదాక ఆగు" అన్నాడు చంద్రకాంత్.

"గట్లనే."

అతడి బండి చప్పుడు సందు దాటగానే బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ వేసుకుంది. షాంపూ ప్యాకెట్టు పళ్లతో చింపి తలంటుకుంది, తన వీపు తానే రుద్దుకుంది, తన కుచ్చిళ్లు తానే పెట్టుకుంది. డ్రమ్ము నిండుతుందని నల్లా వదిలేసి, బయటికొచ్చి బాత్రూమ్ తలుపు దగ్గరికి వేసి, జుట్టు ఆరబెట్టుకోవడానికి డాబా మీదికి ఎక్కింది.

చంద్రకాంత్ వచ్చేసరికి లోపల నీళ్ల చప్పుడు. "అమ్మా!" జవాబు లేదు. తలుపు నెట్టాడు. రాలేదు. పదేళ్ల అలవాటు కొద్దీ ఇంకా గట్టిగా నెట్టాడు.

"గడియ వెట్టుకొని పడిపోయింది!"

ఎదురు ఫ్లాటు దుర్గాప్రసాద్ పరుగున వచ్చి తనూ నెట్టాడు, నెడుతూనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. వాచ్‌మన్ యాదన్న గడ్డపార తెచ్చాడు.

గేటు ముందు అంబులెన్స్ ఆగడం చూసి, పాపం ఎవరికేమైందోనని కౌసల్యమ్మ కిందికి దిగింది. తమ ఇంటి నిండా జనం.

"ఎవలున్నరు లోపట?" ముందున్న అంబులెన్స్ అతణ్ని అడిగింది.

"ఎవరో ముసలామెనట."

తమ ఇంట్లో తనకు తెలియని ముసలామె ఎవరా అని ఆమె ఆలోచిస్తుండగానే తలుపు ఫెళ్లున విరిగింది. దానితోపాటు చంద్రకాంత్ సబ్బు నీళ్లలో జారి డ్రమ్ము దాకా వెళ్లాడు.

"అమ్మా!" అన్నాడు లోపలి నుంచి.

"ఆఁ" అంది వెనక నుంచి కౌసల్యమ్మ.

అందరూ తిరిగి చూశారు.

"తలుపెందుకు పలగొట్టినవ్ బిడ్డా?"

"ఎంత నూకినా రాలేదమ్మా."

"గుంజితే వస్తది కదరా. నువ్వే పెట్టిస్తివి."

యాదన్న గడ్డపారను మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. "మరి పేషెంట్ ఎవరు?" అన్నాడు అంబులెన్స్ అతను.

కౌసల్యమ్మ చెయ్యి చాచింది. చంద్రకాంత్ దాన్ని పట్టుకుని లేచాడు. లేచాక చూసుకుంటే అది ఆమె కుడిచెయ్యి.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు అందరి ముందే. "దేవమ్మను రావద్దని చెప్త. రేపటి సంది నీ తానం నువ్వే చెయ్యి. గడియ వెట్టుకొనే చెయ్యి."

గడియ చెక్కుచెదరలేదు, తలుపే రెండు ముక్కలైంది.